కాఫీ గింజ మంచిదో కాదో చూడటం ఎలా? అరకు గింజలతో ఒక పాఠం

మన కర్లపాలెం వైపు ఇసుక నేలల్లో వేరుశనగ పండుద్ది, పల్లంలో వరి పండుద్ది. కాఫీ పండదు. అయినా ఈ పాఠం ఎందుకంటే, మన దగ్గర దేశీ బియ్యం, గానుగ నూనె కొనేవాళ్లు ఇప్పుడు అరకు కాఫీ గింజలు కూడా అడుగుతున్నారు. మనలో కొంతమంది తెప్పించి అమ్ముతున్నారు. అమ్మేవాడికి సరుకు చూడటం రాకపోతే ఇద్దరికీ నష్టమే. కొన్నవాళ్లు మళ్లీ రారు. కష్టపడి మంచి గింజ తీసిన గిరిజన రైతుకి మామూలు రేటే దక్కుద్ది.

అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఊరు గురించి చెప్తుంది, మీ చేతిలో ఉన్న బస్తా గురించి కాదు. బస్తాని మనమే చూసుకోవాలి. వీడియోలో చేసి చూపించిన వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను. అంతా వేయించని పచ్చి గింజ మీదే.

1. రకం, రంగు

అరబికా గింజ కాస్త పొడవుగా, మధ్యలో గీత వంకరగా ఉంటుంది. రోబస్టా గుండ్రంగా, గీత తిన్నగా ఉంటుంది. పండు తోలు తీసి, కడిగి ఎండబెట్టిన గింజ నీలం కలిసిన ఆకుపచ్చగా కనిపిస్తుంది. దీన్ని పార్చ్‌మెంట్ పద్ధతి అంటారు. పండు పండుగానే ఎండబెట్టిన చెర్రీ గింజ పసుపు, గోధుమ రంగు వైపు ఉంటుంది. అందుకని ముందు ఏ పద్ధతో అడగండి, తర్వాతే రంగు చూడండి. ఒకే లాట్‌లో రంగులు కలగాపులగంగా ఉంటే మాత్రం అనుమానించాలి.

2. తేమ, వాసన

కాఫీ బోర్డు లెక్కలో ఎండిన పార్చ్‌మెంట్‌లో తేమ 10 శాతం, అరబికా చెర్రీలో 10.5 శాతం ఉండాలి. మీటరు లేకపోతే పంటితో నొక్కి చూడండి. బాగా ఎండింది రాయిలా ఉంటుంది, పచ్చిగా ఉన్నదాని మీద పంటి గాటు పడుద్ది. వాసన పచ్చగడ్డిలా, ఎండుగడ్డిలా ఉంటే ఫరవాలేదు. బూజు, పులుపు, పొగ వాసన వస్తే అక్కడే ఆపేయండి. మనది సముద్రం గాలి తగిలే చోటు. గోనెసంచిలో పెడితే ఎండిన గింజ కూడా మళ్లీ తేమ లాగుద్ది. గాలి చొరబడని సంచిలో, తక్కువ తక్కువ తెప్పించుకోవడం మేలు.

3. లోపాల లెక్క

అసలు పరీక్ష ఇదే. 350 గ్రాములు తూచి తెల్లగుడ్డ మీద పరచండి. వేరుశనగ పప్పు ఏరినట్టే ఏరాలి. పూర్తిగా నల్లబడిన గింజ, పూర్తిగా పులిసిన గింజ, బూజు పట్టిన గింజ, రాయీరప్పా, ఇవన్నీ పెద్ద లోపాలు. పురుగు కొంచెం తిన్నవి 10 కలిస్తే ఒక లోపం. విరిగినవి 5 కలిస్తే ఒక లోపం. స్పెషాలిటీ అనాలంటే పెద్ద లోపం ఒక్కటి కూడా ఉండకూడదు, మొత్తం 5 దాటకూడదు.

వీడియోలోని శాంపిల్‌లో పురుగు కొంచెం తిన్నవి 14, విరిగినవి 13, పులిసినది 1 వచ్చాయి. పదికి ఒకటి చొప్పున 1, అయిదుకి ఒకటి చొప్పున 2, పులిసినది 1. మిగిలినవి లెక్కలోకి రావు. మొత్తం 4. అయిదు లోపే ఉన్నా, ఆ ఒక్క పులిసిన గింజ వల్ల దీన్ని స్పెషాలిటీ అని అమ్మకూడదు. ఇంట్లో తాగే మంచి కాఫీగా అమ్మొచ్చు. పంపినవాళ్లకి అదే చెప్పాను, కారణం కూడా చెప్పాను. గింజ పులిసిందంటే, కోసిన పండు ఎక్కువసేపు కుప్పలో ఉండి ఉంటుంది. ఏ రోజు కోసింది ఆ రోజే తోలు తీయాలి. విరిగినవి ఎక్కువుంటే తోలు తీసే యంత్రం బిగింపు చూసుకోవాలి. లోపం పేరు చెప్తే రైతు దిద్దుకోగలడు. "బాలేదు" అని రేటు తగ్గిస్తే ఏం దిద్దుకుంటాడు?

4. సైజు

ప్లాంటేషన్ ఏఏ, ఏ, బి అనేవి ముఖ్యంగా జల్లెడ సైజుని బట్టి పెట్టిన పేర్లు. గింజలు ఒకే సైజులో ఉంటే సమానంగా వేగుతాయి, అదీ లాభం. పెద్ద గింజకి రుచి ఎక్కువని లేదు. పండులో రెండుకి బదులు ఒక్క గింజే గుండ్రంగా వస్తే పీబెర్రీ అంటారు, అది లోపం కాదు.

5. వేయించి, తాగి చూడటం

వేయించాక కొన్ని గింజలు పాలిపోయినట్టు మిగిలితే పచ్చికాయలు కోశారని అర్థం. 11 గ్రాముల పొడి మీద 200 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి 4 నిమిషాలు ఆగండి. పైన తేలిన పొర తీసేసి, పాలు, పంచదార లేకుండా చెంచాతో తాగండి. చల్లారేకొద్దీ మళ్లీ మళ్లీ చూడండి. వేడిమీద దాక్కున్న బూజు, పులుపు చల్లారాకే బయటపడతాయి.

6. "పుచ్చుంటేనే ప్రకృతి పంట" అనే మాట

మన ప్రకృతి సేద్యం వాళ్లలోనే ఈ మాట ఎక్కువ వినపడుద్ది. అది తప్పండి. కాయతొలిచే పురుగు మన దేశంలో 1990లో నీలగిరుల్లో కనిపించింది, 2025లో అరకు వైపు కూడా కనిపించింది. తోటలో కాయ మిగల్చకుండా కోయడం, రాలినవి ఏరేయడం, ఎర బుట్టలు పెట్టడం, ఇవన్నీ మందు లేకుండా చేసే పనులే. కన్నాలు ఎక్కువున్నాయంటే ఆ పనులు జరగలేదేమో అని అడగాలి. ఇంకో సంగతి, మందు కొట్టారో లేదో గింజని చూసి ఎవరూ చెప్పలేరు. అది తోటకెళ్లి, రైతుతో మాట్లాడి, అవసరమైతే ల్యాబులో చూపించుకుని తెలుసుకోవాల్సిందే.

ఈసారి గింజలు తెప్పిస్తే 350 గ్రాములు ఏరి, లెక్క కాగితం మీద రాసి, పంపిన రైతుకి ఫోటో తీసి పంపండి. బాగున్నా పంపండి. ఆ కాగితం చేతిలో ఉంటే వచ్చే కోతకి రేటు అడగడానికి ఆయనకి ఒక ఆధారం ఉంటుంది.