డేసియాను రోమన్లు ఎందుకు వదులుకున్నారు?

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందిందమ్మా. గోతులనే తెగవాళ్ళు దండెత్తి వస్తే రోమన్లు డేసియాను వదిలి పారిపోయారని నీ నోట్సులో ఒక్క వాక్యమే ఉందనీ, పరీక్షలో అంతే రాస్తే చాలా అనీ అడిగావు. మార్కులకు చాలేమో గానీ, చరిత్ర తెలుసుకోవాలనుకునే పిల్లకు చాలదు. పక్కన ఐరోపా పటం పెట్టుకుని ఈ ఉత్తరం చదువు.

డాన్యూబ్ నది వెంట పడమర నుంచి తూర్పుకు వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళు. చాలా దూరం రోమ్ సామ్రాజ్యానికి ఉత్తరపు ఎల్ల ఆ నదే. ఒక్కచోట మాత్రం ఎల్ల నది దాటి ఉత్తరాన కార్పేతియన్ కొండల్లోకి చొచ్చుకుపోతుంది. అదే డేసియా, ఇప్పటి రుమేనియాలో ఒక పెద్ద భాగం. ట్రాజన్ చక్రవర్తి రెండు యుద్ధాలు చేసి, 106లో డెసిబాలస్ రాజును ఓడించి ఆ నేలను కలుపుకున్నాడు. ఆ కొండల్లో బంగారం ఉంది. పైగా కొండలు చేతిలో ఉంటే ఇరుపక్కల మైదానాల్లోని తెగల మీద కన్నేసి ఉంచవచ్చు. అయితే మూడు దిక్కులా శత్రువులున్న రాష్ట్రాన్ని కాపాడటానికి ఎంత సైన్యం కావాలో పటం చూస్తే నీకే తెలుస్తుంది.

ఈ లెక్క రోమన్లకు మొదటి నుంచీ తెలుసు. ట్రాజన్ పోయాక 117లో గద్దెనెక్కిన హాడ్రియన్ మెసపొటేమియాను వెంటనే వదిలేశాడు. డేసియానూ వదిలేద్దామనుకుంటే స్నేహితులు వారించారని యూట్రోపియస్ అనే నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు రాశాడు. సామ్రాజ్యం నలుమూలల నుంచీ ట్రాజన్ తెచ్చి అక్కడ దింపిన జనం శత్రువుల పాలవుతారన్నది వాళ్ళు చెప్పిన కారణం. ఇది గుర్తుపెట్టుకో. బంగారం కోసం వెళ్ళినవాళ్ళను అక్కడ కట్టిపడేసింది జనం.

ఇక మూడో శతాబ్దానికి వద్దాం. 251లో డెసియస్ చక్రవర్తి గోతులతో పోరాడుతూ యుద్ధభూమిలోనే చనిపోయాడు. 260లో వలేరియన్ చక్రవర్తి పారశీక రాజు షాపూర్‌కు బందీగా చిక్కాడు. అదే ఏడు గాల్ విడిపోయి వేరే చక్రవర్తిని పెట్టుకుంది. పదేళ్ళు తిరిగేసరికి తూర్పున పాల్మైరా రాణి జెనోబియా ఈజిప్టును కూడా ఆక్రమించింది. మరోపక్క మహమ్మారి ఊళ్ళకు ఊళ్ళనే ఊడ్చేస్తోంది. 270లో క్లాడియస్ చక్రవర్తి దానికే బలయ్యాడు. వెండి నాణెంలో వెండి నూటికి అయిదు పాళ్ళు కూడా లేదు. సైనికుడికి జీతం ఇవ్వాల్సింది ఆ నాణెంతోనే.

నాలుగు చోట్ల గండి పడిన చెరువు కట్ట మీద నిలబడి, ఉన్న కాసిని ఇసుక బస్తాలు ఎక్కడ వేయాలో తేల్చుకోవాల్సిన పరిస్థితి అది. డేసియాలో రెండు లీజియన్‌లు, అంటే పెద్ద సైనిక దళాలు, ఉండేవి: అపులమ్‌లో పదమూడవది, పొటైస్సాలో అయిదవది. ఈ రెండు దళాల సైనికులు గాలియెనస్ చక్రవర్తి కాలంలో పెట్టోవియోలో, అంటే ఇప్పటి స్లొవేనియాలోని ప్తూయ్‌లో, చెక్కించిన శాసనాలు దొరికాయి. డేసియాను కాపాడాల్సినవాళ్ళకు అంత దూరాన పనేమిటి? ఇటలీకి వచ్చే దారి కాయడానికి పంపారన్నమాట. సైన్యాన్ని కొంచెం కొంచెంగా తీసుకుపోవడం డేసియాను చివరికి వదిలేసిన ఆరేలియన్ చక్రవర్తి కంటే ముందే మొదలైంది. యూట్రోపియస్ ఒకచోట డేసియా గాలియెనస్ కాలంలో పోయిందనీ, మరోచోట ఆరేలియన్ వదిలేశాడనీ రాస్తాడు. రెండూ పొసగవని చాలామంది తికమకపడతారు గానీ, ఈ శాసనాలను పక్కన పెట్టి చదివితే రెండూ నిజమేననిపిస్తుంది నాకు.

బంగారం అయిపోయింది కాబట్టి వెళ్ళిపోయారని కొందరంటారు. ఆ మాట నమ్మకు. రోమన్లు అల్బర్నస్ మేయర్ అని పిలిచిన చోటు ఇప్పటి రోషియా మొంటానా. అక్కడ 2006 దాకా తవ్వకాలు సాగాయి. పోయింది బంగారం కాదు, గనులకు కాపలా ఉండే బలం.

ఆరేలియన్ 270లో చక్రవర్తి అయ్యాడు. కొద్ది రోజులకే శత్రువులు ఇటలీలోకి చొచ్చుకొస్తే, రాజధాని రోమ్ చుట్టూ దాదాపు 19 కిలోమీటర్ల గోడ మొదలుపెట్టాల్సివచ్చింది. జెనోబియా మీదికి వెళుతూ దారిలో గోతులను ఓడించాడు. ఓడించినవాడే 271కీ 275కీ మధ్య డేసియా నుంచి సైన్యాన్నీ అధికారులనూ నది ఇవతలికి తెచ్చేశాడు. పారిపోయారన్న మాట ఇక్కడే చెల్లదు. లీజియన్‌లను ఇప్పటి బల్గేరియాలో ఉన్న రటియారియా, ఓయెస్కస్‌లలో నిలిపాడు. నదికి దక్షిణాన కొత్త రాష్ట్రం ఏర్పరచి దానికీ డేసియా అనే పేరు పెట్టాడు. రాష్ట్రం పోయిందని జనం అనుకోకూడదన్నదే ఆ పేరు వెనక ఉన్న ఆలోచన అని నా నమ్మకం. మిగిలిన సైన్యంతో 274 నాటికి తూర్పునూ గాల్‌నూ తిరిగి కలిపాడు. డాన్యూబ్ ఎల్ల ఆ తర్వాత నూరేళ్ళు నిలిచింది. ఆయన చేసింది సరైన పనే.

కానీ అందరూ నది దాటి రాలేదు. ఊళ్ళ నుంచీ పొలాల నుంచీ రోమన్లను తరలించాడని యూట్రోపియస్ అంటాడు. అయినా పాత పట్టణాల్లో నాలుగో శతాబ్దపు నాణేలూ సమాధులూ దొరుకుతున్నాయి. దాటలేనివాళ్ళు, కొడుకు సమాధిని విడిచి రాలేనివాళ్ళు, పొలం తప్ప మరేమీ లేనివాళ్ళు ఉండే ఉంటారు. ఎంతమంది మిగిలారన్నది రుమేనియా, హంగరీ చరిత్రకారుల మధ్య తెగని వాదం. ఇద్దరి పుస్తకాలూ చదివాకే ఒక అభిప్రాయానికి రా.

ఇప్పుడు నీకొక పని. జనం కోసం హాడ్రియన్ డేసియాను వదిలే ఆలోచన మానుకున్నాడు, ఆరేలియన్ మానుకోలేదు. ఈ 150 ఏళ్ళలో ఏం మారిందో పుస్తకం మూసి నీ మాటల్లో ఒక పేజీ రాసి నాకు పంపు. గోతుల పేరు తప్పకుండా రాయి, దాని పక్కనే 260లో జరిగినవీ రాయి.

ఆశీస్సులతో,
తాతయ్య