ఖుర్సీపార్ గల్లీల్లోనే ఉంది ఆరు మార్కుల జవాబు

ఇంటర్ స్థాయిలో ఆర్ట్స్ తీసుకుని సమాజశాస్త్రం చదివే పిల్లలకు మార్కులు పోయేది పాఠం రాక కాదు. నిర్వచనాలు వస్తాయి, ఎం.ఎన్.శ్రీనివాస్ పేరూ సంస్కృతీకరణ అన్న మాటా గుర్తుంటాయి. అవన్నీ రాసి పేజీ నింపినా ఆరు మార్కుల ప్రశ్నకు మూడుతోనే బయటపడతారు. ఆ పేజీలో ఒక మాట నిలబెట్టే ప్రయత్నం గానీ, దానికి సాక్ష్యం గానీ ఉండదు. పుస్తకంలో ఉన్నదే తిరిగి పుస్తకానికి అప్పజెప్పినట్టు ఉంటుంది.

భిలాయ్‌లో, అందులోనూ ఖుర్సీపార్‌లో పెరిగిన పిల్లలకు సాక్ష్యం కోసం వెతుక్కోవలసిన పని లేదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతలు ఇక్కడి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చారు. పక్కింట్లో ఛత్తీస్‌గఢీ మాట్లాడతారు, ఎదురింటివాళ్లది బిహారో ఉత్తరప్రదేశో. నాన్న షిఫ్టు డ్యూటీకి వెళ్తుంటే, వీధి చివరి ఇంటాయన ఠేకేదార్ (కాంట్రాక్టర్) దగ్గర దినకూలీకి వెళ్తాడు. వలస, పారిశ్రామికీకరణ, కులం, వర్గం, బంధుత్వం అంటూ సిలబస్‌లో అధ్యాయాలుగా ఉన్నవన్నీ ఇక్కడ రోజూ కళ్లముందే నడుస్తాయి. ఇంత దగ్గరగా ఉన్నదాన్ని జవాబులో పెట్టవచ్చని ఈ పిల్లలకు ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

నిజానికి భిలాయ్ పేరు పాఠంలోనే ఉంది. పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ వాచకంలో నిర్మాణాత్మక మార్పు గురించిన అధ్యాయం కోసం సమాజశాస్త్రవేత్త ఎం.ఎస్.ఎ.రావు విశ్లేషణ తీసుకున్నారు. పట్టణ ప్రభావం పల్లెలమీద మూడు రకాలుగా పడుతుందని ఆయన అంటారు. దూర నగరాలకు జనాన్ని పంపే పల్లెలు ఒక రకం, మహానగరం పెరిగి మింగేసే పల్లెలు ఇంకో రకం. పారిశ్రామిక పట్టణం పక్కన మిగిలిపోయిన పల్లెలు మరో రకం. ఈ చివరిదానికి ఆయన ఎంచుకున్న ఉదాహరణ భిలాయే. కొన్ని ఊళ్లు పూర్తిగా లేచిపోతాయి. కొన్ని కొంత భూమి పోగొట్టుకుని వలస కార్మికులతో నిండుతాయి. ఇళ్లకు గిరాకీ వస్తుంది, బజారు పెరుగుతుంది, పాతవాళ్లకూ కొత్తవాళ్లకూ మధ్య సంబంధాలు ఎలా ఉండాలన్న సమస్య తలెత్తుతుంది.

ఇప్పుడు ఆ అధ్యాయం నుంచి ఒక ప్రశ్న తీసుకుందాం. పారిశ్రామిక పట్టణం చుట్టుపక్కల పల్లెల మీద చూపే ప్రభావాన్ని చర్చించండి. చాలామంది రాసే జవాబు ఇలా ఉంటుంది: పరిశ్రమ వస్తే పల్లెలు మారతాయి, జనం వలస వస్తారు, ఇళ్లు పెరుగుతాయి, కాలుష్యం వస్తుంది, ఉమ్మడి కుటుంబాలు విడిపోతాయి, మంచీ ఉంది చెడూ ఉంది. ఇందులో ఒక్క తప్పూ లేదు. ఏ దేశంలో ఏ ఊరి గురించైనా ఇదే రాయొచ్చు, అందుకే దీనికి బలం లేదు.

అదే ప్రశ్నకు ఇంకొకరు ఇలా మొదలుపెట్టారనుకోండి: "పరిశ్రమ ప్రభావం అన్ని పల్లెలమీదా ఒకేలా పడదు, భూమి ఎంత పోయింది, ఎవరిది పోయింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో భిలాయ్ ఉక్కు కర్మాగారం మొదలైంది. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ పని ప్రారంభించింది. చుట్టూ ఉన్న ఊళ్లలో కొన్ని పూర్తిగా పోయాయి. కొన్ని మిగిలి, బయటి కార్మికులకు ఇళ్లు అద్దెకిచ్చే బస్తీలయ్యాయి. భూమి ఉన్న రైతుకు నష్టపరిహారం, అద్దె ఆదాయం దక్కే దారి ఉంది. ఆ భూమిలో కూలి చేసిన మనిషికి రెండూ లేవు." ఇక్కడ మొదటి వాక్యంలోనే వాదం తేలిపోయింది. తర్వాతి వాక్యాలన్నీ దాన్ని మోస్తున్నాయి. చివరి వాక్యం ప్రశ్న అడగనిది కూడా చూపించింది: ఒకే మార్పు ఒకే ఊళ్లో ఇద్దరికి రెండు రకాలుగా తగలడం. జవాబు దిద్దేవాళ్ల కలం ఆగేది ఇలాంటి చోటే.

నౌకరీ, కామ్

సంఘటిత రంగానికీ అసంఘటిత రంగానికీ తేడా రాయమన్న ప్రశ్న తరచూ వస్తుంది. ఏడాది పొడవునా పదిమంది లేదా అంతకుమించి పనిచేసే సంస్థలు సంఘటిత రంగమని వాచకం చెబుతుంది. దేశంలో తొంభై శాతానికి పైగా పని అసంఘటిత రంగంలోనే ఉందని కూడా చెబుతుంది. ఈ రెండు వాక్యాలూ రాయాలి. కానీ అక్కడ ఆగితే సగం మార్కులే.

మీ వీధిని ఒకసారి చూడండి. ప్లాంట్ రోల్ మీద ఉన్న మనిషికి జీతం, క్వార్టర్, వైద్యం, రిటైర్మెంట్ సొమ్ము అన్నీ ఉన్నాయి. అదే గేటు లోపలికి, అదే షిఫ్టుకు వెళ్లే ఠేకా కార్మికుడికి రేపు పని ఉంటుందో లేదో తెలియదు. పనిచేసే చోటు సంఘటిత రంగమే, అతని బతుకు మాత్రం అసంఘటిత రంగానిది. పుస్తకంలోని గీత ఈ మనిషి మీదుగా పోతుంది. ఇది రాసిన విద్యార్థి నిర్వచనాన్ని కేవలం చెప్పలేదు, దాన్ని పరీక్షించాడు.

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ 1990ల నుంచి భిలాయ్‌లో ఉండి ఇదే విషయం పరిశోధించారు. ఆయన పుస్తకం 'క్లాసెస్ ఆఫ్ లేబర్' 2020లో వచ్చింది. ఇక్కడివాళ్లు మామూలుగా అనే నౌకరీ (పర్మినెంట్ ఉద్యోగం), కామ్ (ఠేకా పని) అన్న తేడా రెండు వేర్వేరు వర్గాల తేడా అని ఆయన వాదన. జీతం ఒక్కటే కాదు, పిల్లల చదువు, పెళ్లి సంబంధాలు, భవిష్యత్తు మీద ఆశ కూడా దాని వెంటే విడిపోతాయంటారు. ప్లాంట్‌లో ఒకప్పుడు అరవై వేలకు పైగా ఉన్న పర్మినెంట్ కార్మికుల సంఖ్య ఇప్పుడు అందులో మూడో వంతు కూడా లేదు. ప్యారీ మీ సిలబస్‌లో లేరు. ఆయన పేరు రాయకపోయినా ఏమీ పోదు. ఒక్క వాక్యంలో ఆ వాదనను సరిగ్గా వాడితే జవాబు స్థాయి మారుతుంది.

మేనరికం అనే పెద్ద అవకాశం

ఖుర్సీపార్ తెలుగు పిల్లలకు అందరికంటే ఎక్కువ అందుబాటులో ఉన్న అధ్యాయం బంధుత్వం. మన ఇళ్లలో మేనమామ కూతురినో మేనత్త కొడుకునో చేసుకోవడం తెలిసిన పద్ధతి. కొన్ని కుటుంబాల్లో అక్క కూతురిని కూడా చేసుకుంటారు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన పక్కింటివాళ్లకు మామ కూతురంటే చెల్లెలు. మన పెళ్లి విని వాళ్లు నొచ్చుకుంటారు. ముక్కూ మొహం తెలియని ఊరికి పిల్లనిచ్చే వాళ్ల పద్ధతి మన అమ్మమ్మలకు మింగుడు పడదు. ఇద్దరూ ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటారు.

ఇరావతి కర్వే 1953లో భారతదేశ బంధుత్వ వ్యవస్థ మీద రాసిన పుస్తకంలో దేశాన్ని ఉత్తర, మధ్య, దక్షిణ, తూర్పు మండలాలుగా విడదీశారు. ఉత్తరాన పుట్టిన ఊరికీ గోత్రానికీ బయట సంబంధం వెతుకుతారు, పెళ్లయిన పిల్ల కొత్తవాళ్ల మధ్యకు వెళుతుంది. దక్షిణాన ఉన్న చుట్టరికాన్నే మళ్లీ ముడివేస్తారు, అత్తగారు ముందే అత్త. పుస్తకంలో మ్యాపు మీద ఉండే ఈ తేడా మీకు ఒకే గల్లీలో కనిపిస్తుంది.

అయితే దీన్ని ఉత్తరం, దక్షిణం అని రెండు ముక్కలు చేసి వదిలేయకండి. ఛత్తీస్‌గఢ్ గోండుల్లో మేనరికం పాత ఆచారమే. ఒక ఇంటి పిల్లను తెచ్చుకున్నాక మరుసటి తరంలో ఆ ఇంటికి పిల్లనివ్వడాన్ని వాళ్లు దూధ్ లౌటావా అంటారు, అంటే పాలు తిరిగి ఇవ్వడం. కర్వే గీసిన గీతలు ఉపయోగకరమైనవే, కానీ మధ్య భారతంలో అవి కలిసిపోతాయని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. ప్రశ్నలో 'విమర్శనాత్మకంగా' అన్న మాట ఉంటే మీ నుంచి కోరేది ఇదే. సిద్ధాంతాన్ని తిట్టడం కాదు, అది ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగుతుందో చూపించడం.

ఒక జాగ్రత్త. సొంత అనుభవం జవాబులోకి వచ్చినప్పుడు ఇష్టాయిష్టాలూ వెంట వస్తాయి. వాళ్ల పద్ధతి వింత, మనదే సరైనది అన్న ధోరణి ఒక్క వాక్యంలో కనిపించినా అది సమాజశాస్త్రం కాకుండా పోతుంది. పదకొండో తరగతి మొదటి పాఠంలోనే లోకజ్ఞానానికీ సమాజశాస్త్రానికీ తేడా ఎందుకు చెప్పారో ఇక్కడ అర్థమవుతుంది. "మా ఇంట్లో ఇలా" అని రాయకండి. "ఆంధ్ర నుంచి వలస వచ్చిన కార్మిక కుటుంబాల్లో" అని రాయండి. చూసింది మీరే అయినా మాట్లాడవలసింది సముదాయం గురించి.

ఛత్తీస్‌గఢ్, తెలుగు నేల రెండిటి గురించీ రాసిన ఒక భారతీయ మానవశాస్త్రవేత్త ఉన్నారు, శ్యామాచరణ్ దూబే. ఛత్తీస్‌గఢ్ కమార్ తెగ మీద ఆయన పుస్తకం 1951లో వచ్చింది. హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట మీద రాసిన 'ఇండియన్ విలేజ్' 1955లో వచ్చింది. కాలేజీ స్థాయికి వెళ్లాక ఈ రెండూ తప్పక చదవండి.

ఉద్యమాల పాఠానికి

పాత సామాజిక ఉద్యమాలు, కొత్త ఉద్యమాలు అన్న విభజన సిలబస్‌లో ఉంది. పాతవి కూలి కోసం, అధికారం కోసం. కొత్తవి పర్యావరణం, గౌరవం, బతుకు నాణ్యత కోసం అని పిల్లలు రెండు వరుసలు గీసి వదిలేస్తారు. భిలాయ్‌కి ఇనుప ఖనిజం ఇచ్చే దల్లీ రాజహరా గనుల్లో 1977లో శంకర్ గుహ నియోగి నాయకత్వంలో కార్మిక సంఘం ఏర్పడింది. అది కూలి పెంపు కోసం పోరాడింది. సారా మానిపించడానికి ప్రచారం చేసింది. కార్మికుల డబ్బుతో, శ్రమతో 1983లో షహీద్ ఆసుపత్రి కట్టింది. ఇది ఏ వరుసలో పడుతుంది? రెంటిలోనూ. నియోగిని 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లోనే హత్య చేశారు. మరుసటి ఏడాది జులై 1న పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర రైలు పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపితే పలువురు చనిపోయారు. మీరు రోజూ రైలెక్కే స్టేషనది. ఈ తేదీలు గుర్తుంచుకోండి. అయితే జవాబులో వాటిని కథగా చెప్పకండి, పాత, కొత్త అన్న గీత ఎందుకు చాలదో చూపడానికి వాడండి.

పరీక్ష హాల్లో

సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి సమాజశాస్త్రంలో రాతపరీక్ష 80 మార్కులకు, ప్రాజెక్టు 20కి. ఇటీవలి నమూనా పత్రాల్లో ఒక మార్కు, రెండు, నాలుగు, ఆరు మార్కుల ప్రశ్నలుంటాయి. ఆరు మార్కుల జవాబు 200 పదాలు దాటనక్కర్లేదు. మూడు గంటల్లో 80 మార్కులంటే ఆరు మార్కులకు సుమారు 13 నిమిషాలు. అందులో మొదటి రెండు నిమిషాలు రాయకండి. పేపరు వెనక పెన్సిల్‌తో ఒక్క వాక్యం రాసుకోండి: నేను ఏమంటున్నాను? ఆ వాక్యం దొరక్కపోతే జవాబు ఇంకా సిద్ధం కానట్టే. ఎక్కువ పేజీలు రాస్తే ఎక్కువ మార్కులన్న నమ్మకం మన ఇళ్లలో ఇంకా ఉంది, దాన్ని వదిలేయాలి.

క్రియాపదం చూడండి. వివరించమంటే కారణాలు, తేడా చూపమంటే పక్కపక్కన పెట్టి పోల్చడం, చర్చించమంటే కనీసం రెండు వైపులూ. హిందీ మీడియంవాళ్లకు 'స్పష్ట్ కీజియే', 'వివేచనా కీజియే' మధ్య కూడా ఇదే తేడా.

ఇంట్లో తెలుగు, బయట హిందీ, పరీక్షలో హిందీయో ఇంగ్లిషో అయిన పిల్లలకు ఒక మాట. పారిభాషిక పదాలు పరీక్ష భాషలోనే నేర్చుకోండి. వాదాన్ని మాత్రం ముందు అమ్మకో తాతకో తెలుగులో చెప్పి చూడండి. తాత "అదెలా?" అని ఎక్కడ అడిగితే అక్కడ సాక్ష్యం తక్కువైందని తెలుస్తుంది.

ప్రాజెక్టుకు కూడా దూరం పోవద్దు. తాతల తరంలో, అమ్మానాన్నల తరంలో, అక్కల తరంలో మేనరికాలు ఎన్ని జరిగాయో పదిహేను ఇళ్లలో అడిగి పట్టిక వేస్తే అది ఇంటర్నెట్ నుంచి దించిన ముప్ఫై పేజీల కంటే విలువైనది. అనుమతి తీసుకుని అడగండి. పేర్లు రాయకండి. ఠేకా కార్మికుడి కూలి గురించి పదిమందిలో అడగకండి.

తర్వాత ఏముంది అని తల్లిదండ్రులు అడుగుతారు, అడగాలి కూడా. బీఏ తర్వాత రాయ్‌పుర్‌లో 1964 నుంచి ఉన్న పండిత్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయంలోనో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఎంఏ చేయొచ్చు. యూజీసీ నెట్ రాసి అధ్యాపకులు కావచ్చు. సోషల్ వర్క్‌లో పీజీ చేసినవాళ్లకు ఆసుపత్రుల్లో, కంపెనీల సామాజిక బాధ్యత విభాగాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో ఉద్యోగాలున్నాయి. యూపీఎస్సీ మెయిన్స్‌లో సమాజశాస్త్రం ఆప్షనల్‌గా తీసుకుంటే రెండు పేపర్లు, 500 మార్కులు. జనరల్ స్టడీస్ మొదటి పేపర్లో భారతీయ సమాజం ఎలాగూ ఉంది. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో అది ఒక పేపరులో భాగం, ఛత్తీస్‌గఢ్ పీఎస్సీ మెయిన్స్‌లోనూ సమాజశాస్త్రం భాగం ఉంది. ఈ పరీక్షలన్నిటిలోనూ అడిగేది భావన, సాక్ష్యం, వాదం. పన్నెండో తరగతిలో ఆరు మార్కులకు అలవాటైన చేయి అక్కడ ఇరవై మార్కులకు తడబడదు.

ఈ ఆదివారం ఒక్క ప్రశ్న తీసుకోండి. మీ వీధిలో ఠేకా పని చేసే ఒకరితో, రిటైరైన ప్లాంట్ ఉద్యోగి ఒకరితో మాట్లాడి, 200 పదాల్లో జవాబు రాయండి. సోమవారం మీ టీచరుకు చూపించి, మార్కులు వేయమని కాదు, ఇందులో వాదం ఎక్కడుందో గీత గీసి చూపమని అడగండి.