వినికిడి – వివేకం

పాఠ్యభాగ ఉద్దేశం

పరిమితమైన ధనంతో వస్తువును కొనేటప్పుడు ప్రకటనలకు లోబడక గుణాన్ని పరీక్షించే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం, శ్రవణేంద్రియాన్ని కాపాడుకోవలసిన ఆవశ్యకతను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మన ఆలంకారికులు కావ్యాన్ని దృశ్యమనీ, శ్రవ్యమనీ రెండు విధాలుగా విభజించారు. కవిత్వాన్ని చెవితో ఆస్వాదించిన జాతి మనది. గుంటూరు సీమలో ఈ శ్రవణ సంప్రదాయం పండితుల సభలకే పరిమితం కాలేదు. పొన్నెకల్లులో జన్మించిన షేక్ నాజర్ (1920–1997) బుర్రకథ చెబుతూ ఉంటే జనం ఆరుబయట కూర్చుండి వినేవారు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైన తరువాత పల్లెలలో రేడియో చుట్టూ ఇరుగుపొరుగువారు చేరసాగారు. 1979లో జపాన్‌కు చెందిన సోనీ సంస్థ వాక్‌మన్‌ను విడుదల చేయడంతో, నడుస్తూ ఒంటరిగా వినే అలవాటు లోకమంతటా ప్రబలింది. నేడు చెవిరంధ్రంలో ఇమిడే ఇయర్‌ఫోన్లు విద్యార్థులకు పాట వినడానికే గాక పాఠం వినడానికి కూడా సాధనాలయ్యాయి. అటువంటి సాధనాన్ని ఎంచుకోవడంలో పాటించవలసిన వివేకం ఎట్టిదో తెలుసుకొనడం అవసరం.

చిలకలూరిపేట ప్రాంతంలోని ఒక కుటుంబాన్ని ఉదాహరణగా ఊహించుకోవచ్చు. ఆ ఇంటి అమ్మాయి గుంటూరులోని జూనియర్ కళాశాలకు రోజూ బస్సులో వెళ్లి వస్తుంది. ప్రయాణంలో పాఠాలు వినడం కోసం సెలవులలో మిరపకోతకు వెళ్లి 1,500 రూపాయలు కూడబెట్టింది. అవి ఎండలో నడుము వంచి సంపాదించిన డబ్బులు. తప్పుడు వస్తువు కొంటే మళ్లీ కొనే అవకాశం లేదు.

దుకాణంలో తళతళలాడే పెట్టెను చూపి ఆమె, “ఇది బాగుంది తాతయ్యా, పేరున్న కంపెనీ” అన్నది. ఏళ్ల తరబడి గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తోలిన ఆ వృద్ధుడు నవ్వి, “ఎర్రగా ఉన్నంత మాత్రాన మిరపకాయ కొంటామా అమ్మా? గుప్పిట పట్టి చూస్తాం, చెవి దగ్గర ఊపి చూస్తాం. ఎండిన కాయలో గింజ గలగలమంటుంది. తడికాయ తూకానికి బరువే గాని నిలవకు పనికిరాదు” అన్నాడు.

ఆ మాటలో కొనుగోలు శాస్త్రమంతా ఇమిడి ఉంది. యార్డులో తేజ రకాన్ని ఘాటు కోసం, బ్యాడిగి రకాన్ని రంగు కోసం కొంటారు. పత్తి కొనేవాడు దూదిని వేళ్లతో లాగి పింజ పొడవు చూస్తాడు, తేమ ఎంతో చూస్తాడు. దేనికోసం కొంటున్నామో ముందుగా నిశ్చయించుకున్నవాడే నాణ్యతను నిర్ణయించగలడు. బస్సులో పాఠం వినదలచిన ఆ అమ్మాయికి కావలసినవి మూడు: బయటి రొద తగ్గాలి, మాట స్పష్టంగా వినపడాలి, వస్తువు మన్నాలి.

మొదటి పరీక్ష అమరిక. ఇయర్‌ఫోన్లతో పాటు సాధారణంగా చిన్న, మధ్య, పెద్ద పరిమాణాల రబ్బరు తొడుగులు ఇస్తారు. తొడుగు చెవిరంధ్రాన్ని సరిగా మూయకపోతే మంద్రధ్వనులు సందులలోనుంచి జారిపోతాయి. మృదంగం కూడా డొల్లగా వినిపిస్తుంది. అనేకులు ఈ లోపాన్ని వస్తువుకు అంటగట్టి, మరింత ఖరీదైన దానిని కొంటారు. తొడుగు పెట్టుకొని మాట్లాడినప్పుడు తన గొంతు తనకే లోపల మారుమ్రోగినట్లు వినిపిస్తే అమరిక కుదిరిందని గ్రహించవచ్చు. రెండు చెవులకు రెండు వేర్వేరు పరిమాణాలు అవసరం కావడం కూడా కద్దు.

రెండవ పరీక్ష స్పష్టత. ఆరోగ్యవంతుడైన యువకుని చెవి సుమారు 20 హెర్ట్జ్‌ల నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు గల ధ్వనులను గ్రహిస్తుంది. పెట్టెల మీద అవే అంకెలు తరచుగా ముద్రించి ఉంటాయి కనుక వాటివల్ల మేలురకమేదో తేలదు. లోపలి డ్రైవర్ పెద్దదైనంత మాత్రాన శబ్దం మేలైనది కాదు. అందువల్ల తనకు బాగా తెలిసిన పాటను, ఒక పాఠాన్ని విని చూడాలి. శ, ష, స అనే అక్షరాల భేదం తెలియాలి. ‘స’కారం సూదిలా గుచ్చుకొనరాదు. రెండు జతలను పోల్చేటప్పుడు వాటి శబ్దస్థాయిని సమానం చేయడం మరువరాదు. బిగ్గరగా వినిపించేదే మంచిదని చెవి భ్రమపడుతుంది. నీడలో ఒక రాశిని, ఎండలో మరొక రాశిని చూసి మిరప రంగును పోల్చడం ఎంత పొరపాటో ఇదీ అంతే.

మూడవ పరీక్ష మన్నిక. తీగలేని ఇయర్‌ఫోన్లు సౌకర్యమైనవి. అయితే వాటి ధరలో బ్యాటరీ, బ్లూటూత్ పరికరం, ఛార్జింగ్ పెట్టె అన్నిటికీ వాటా ఉంటుంది. చిన్న బ్యాటరీ వాడకం మీద క్రమంగా క్షీణిస్తుంది. దానిని మార్చడం సాధారణంగా సాధ్యపడదు. తీగగల జతలో ఈ ఖర్చులు లేవు గనుక అదే ధరకు మెరుగైన ధ్వని లభించే అవకాశం ఎక్కువ. తీగ సాధారణంగా ప్లగ్ దగ్గర తెగుతుంది. ఊడదీసి మార్చగల తీగ ఉన్న జతను ఎంచుకుంటే తీగ తెగినా జత నిలుస్తుంది. తన ఫోనుకు 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్నదో, టైప్-సి మాత్రమే ఉన్నదో ముందుగా చూసుకోవాలి.

నాలుగవది బిల్లు. పత్తి, మిరప రైతులు విత్తనాల సంచిని, రసీదును పంట చేతికి వచ్చేవరకు దాచుకుంటారు. విత్తనం నకిలీదని తేలినప్పుడు పరిహారం కోరడానికి ఆ కాగితమే ఆధారం. ఇయర్‌ఫోన్ల విషయంలోను బిల్లు, వారంటీ పత్రం పదిలపరచుకోవాలి. 2020 జూలైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం లోపభూయిష్టమైన వస్తువుపై జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915.

ఇంత జాగ్రత్తగా వస్తువును ఎంచుకొని చెవిని పాడుచేసుకుంటే ఫలమేమి? లోపలి చెవిలోని కాక్లియాలో సుమారు పదిహేను వేల రోమకణాలు ఉంటాయి. నశించిన రోమకణం మానవులలో తిరిగి మొలవదు. వాన లేక ఎండిన చేను మరుసటి ఏడు పండవచ్చు గాని, పోయిన వినికిడి తిరిగి రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 డెసిబెల్స్ అయితే ఆ గడువు 4 గంటలే. ఫోను శబ్దాన్ని 60 శాతానికి మించనీయరాదని ఆ సంస్థ చెబుతున్నది. 12–35 ఏళ్ల వయస్సులో వంద కోట్లకు పైగా ప్రజలు ఈ ప్రమాదపు అంచున ఉన్నారని 2022లో హెచ్చరించింది. బస్సు రొదను మించి వినాలని శబ్దం పెంచడమే విద్యార్థులు చేసే సాధారణ తప్పిదం. బాగా అమరిన తొడుగు బయటి రొదను అడ్డగిస్తుంది గనుక తక్కువ శబ్దంతోనే పాఠం వినపడుతుంది. ఈ విధంగా మంచి ఎంపిక చెవికి రక్షణ కూడా అవుతుంది. అయితే రోడ్డు దాటేటప్పుడు, రైలు పట్టాల వద్ద వాటిని తీసివేయడం తప్పనిసరి.

ఆ అమ్మాయి తళతళలాడే పెట్టెను పక్కన పెట్టింది. రెండు జతలను సమాన శబ్దంలో విని, తొడుగులు మార్చి చూసి, తక్కువ వెలగల తీగ జతను తీసుకుంది. బిల్లు అడిగి మడిచి దాచుకుంది. మిగిలిన డబ్బుతో ఒక ప్రశ్నల పుస్తకం కొన్నది. “కాయ ఊపి చూశావు” అని తాతయ్య సంతోషించాడు.

కఠిన పదాలు – అర్థాలు

ఆలంకారికులు = కావ్యలక్షణాలను నిరూపించిన శాస్త్రకారులు
మంద్రధ్వని = లోతైన, తక్కువ స్థాయి ధ్వని
పింజ = దూదిపోగు
కద్దు = కలదు
లోపభూయిష్టం = లోపాలతో నిండినది

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఇయర్‌ఫోన్ల ఎంపికలో పాటించవలసిన నాలుగు పరీక్షలను వివరించండి.
2. వినికిడిని కాపాడుకోవలసిన ఆవశ్యకతను తెలపండి.

II. క్రింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తాతయ్య మిరపకాయను ఉదాహరించడంలోని అంతరార్థమేమి?
2. రెండు జతలను పోల్చేటప్పుడు శబ్దస్థాయి సమానంగా ఎందుకు ఉండాలి?

III. సంధి నామం తెలిపి విడదీయండి.
శ్రవణేంద్రియం, అంతరార్థం