గొలుసు చిట్టాల కలయిక: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

హిందూపురము పట్టుగూళ్ల విపణికి పేరుపొందినది. ధర్మవరపు చేనేత పట్టుచీరెలకు భౌగోళిక గుర్తింపు లభించినది. పెనుకొండ మండలమందలి ఎఱ్ఱమంచి వద్ద కియా కర్మాగారము 2019 నుండి కార్లను తయారుచేయుచున్నది. వానిలో అనేకము ఇంటర్నెట్టు ద్వారా తమ స్థితిని తామే తెలుపగలవు. ఇట్టి యంత్రములు కార్లకే పరిమితము కావు. బోరుబావి నీటిమట్టమును కొలుచునవియు, లారీ యెక్కడ నున్నదో తెలుపునవియు ఈ కోవకు చెందినవే. ఇవి పంపు లెక్కలను ఎవరును దొంగతనముగా దిద్దకుండ భద్రపరచుట యెట్లు? ఒకచోట వ్రాసిన లెక్క వేరొకచోట చెల్లుట యెట్లు? ఈ విషయమును పంచాయతీ సభ్యులకు విశదపరచ దలచితిమి.

గొలుసు చిట్టా అనగా నేమి?

బ్లాక్‌చెయిన్ అనునది పలువురి వద్ద ఏకకాలమున నుండు చిట్టా. ఒక పుట నిండగానే దానికొక ముద్ర ఏర్పడును. ఆ ముద్ర తరువాతి పుటలో చేర్చబడును. పాతపుటలో ఒక్క అంకె మార్చినను ముద్ర మారిపోయి, తరువాతి పుటలతో పొసగదు. అందుచే దొంగదిద్దుబాటు బయటపడును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2017 ప్రాంతమున భూమి రికార్డులలో ఈ పద్ధతిని ప్రయోగాత్మకముగా చేపట్టినది. కేంద్రప్రభుత్వము 2024 సెప్టెంబరులో ‘విశ్వస్య’ అను పేరున బ్లాక్‌చెయిన్ సేవను ప్రారంభించినది.

కలయిక యెందుకు?

ఉదాహరణకు ఇట్లు భావింతము. పట్టుగూళ్ల తూకము హిందూపురమున ఒక చిట్టాలో చేరినది. దారము మోసిన లారీ ప్రయాణము రవాణాదారుని చిట్టాలో చేరినది. చీరె నేత ధర్మవరమున నేతగాండ్ర సంఘపు చిట్టాలో నమోదైనది. మూడును సక్రమమే, కాని ఒకదానిని మరియొకటి చదువజాలదు. అట్టిచో మరమగ్గపు చీరెను చేనేతయని అమ్మువానిని పట్టుకొనుట కష్టము. నష్టపోవువాడు నేతగాడు.

ధర్మవరము స్టేషనులో కొంతకాలము బ్రాడ్‌గేజి, మీటరుగేజి రెండును కలిసెడివి. ఒక గేజిపై వచ్చిన పెట్టె రెండవదానిపై పోజాలదు. సరకు దింపి మరల ఎక్కింపవలెను. చిట్టాల సంగతియు నంతే.

మూడు మార్గములు

మొదటిది సాక్షుల పద్ధతి. నియమితులైన కొందరు ఒక చిట్టాను చూచి, రెండవదానిలో సాక్ష్యము చెప్పుదురు. రెండవది, ఒక చిట్టా మరియొకదాని ముద్రలను తానే సరిచూచుకొను పద్ధతి. 2021 నుండి వాడుకలో నున్న ఐ.బి.సి. ఒడంబడిక ఇట్టిది. మూడవది తాళపు పద్ధతి. రెండు చిట్టాలలోని సొత్తులకును ఒకే రహస్యముతో తాళము వేయుదురు. గడువులోపల రహస్యము వెల్లడియైనచో రెండును చేతులు మారును. కానిచో యజమానులకే తిరిగివచ్చును. చిన్న యంత్రముల బ్యాటరీ స్వల్పము కావున అవి చిట్టా అంతయు మోయజాలవు. సమీపమున నుంచిన గేట్‌వే పెట్టె వాని పక్షమున ఈ పని చేయును.

ఏమరుపాటు తగదు

సరకు దింపి ఎక్కించుచోటనే దొంగల చూపు. 2022 మార్చిలో ‘రోనిన్’ అను చిట్టాల వంతెనకు 9 మంది సాక్షులుండిరి; 5 గురి సంతకములు చాలును. అందు 4 తాళపుచెవులు ఒకే సంస్థ చేతిలో నుండెను. దొంగలు 5 చెవులను చేజిక్కించుకొని సుమారు 60 కోట్ల డాలర్ల సొత్తును అపహరించిరి. ఆరు దినముల వరకు ఎవరును గుర్తింపలేదు. తొమ్మిదిమంది సభ్యులున్నను నలుగురు ఒకే యింటివారైనచో ఆ పంచాయతీ తీర్మానము ఎంతటి బలము గలదో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు.

మరియొక మాట. చిట్టా వ్రాసినదానిని కాపాడును. వ్రాసినది నిజమని చెప్పజాలదు. కాటాయే తప్పుడుదైనచో ఆ తప్పే చిరస్థాయిగా నిలుచును.

కావున ఇట్టి పథకము గ్రామమునకు వచ్చినపుడు సభ్యులు ఈ ప్రశ్నలు అడుగవలెను: సాక్షులెవరు, నిజముగా వేర్వేరువారేనా? యంత్రములను ఎవరు, ఎన్నాళ్లకొకసారి తనిఖీ చేయుదురు? తప్పు పడినచో సవరణ పుటను ఎట్లు చేర్చుదురు? రైతుల, నేతగాండ్ర స్వవిషయములు ఎవరెవరికి కనబడును? జవాబులు తీర్మానపు పుస్తకములో వ్రాయించిన తరువాతనే సమ్మతి నొసగుట శ్రేయస్కరము.