అద్దెలో ఇంటి వాటా

మన పట్టణాల్లో పెన్షన్ లేని ఎన్నో కుటుంబాలకు పోర్షన్ల ఇల్లే పెన్షన్. కింద రెండు, పైన రెండు పోర్షన్లు. అందరికీ కలిపి ఒక సంపు, ఒక మోటారు, ఒక మెట్ల దారి. దుకాణం నడిపినవారో, గల్ఫ్‌లో కష్టపడినవారో, ఉద్యోగ విరమణ డబ్బు అందుకున్నవారో ఇలాంటి ఇళ్లు కట్టారు. వారు పోయాక ఆ అద్దె మీదే ఒక తల్లి మందులు, పిల్లల చదువులు నడుస్తుంటాయి. అయితే 25, 30 ఏళ్లు దాటేసరికి ఇల్లు ఖర్చు అడగడం మొదలుపెడుతుంది. అప్పటికి చేతిలో డబ్బు ఉండదు. అద్దె వచ్చినది వచ్చినట్టే ఖర్చయిపోయి ఉంటుంది.

వచ్చే అద్దె అంతా యజమానిది కాదు. అందులో ఇంటికీ ఒక వాటా ఉంది. దాన్ని ముందే తీసి పక్కన పెట్టిన ఇల్లు నిలబడుతుంది. ఎలాగో చూద్దాం.

లెక్క ముందు

ఉదాహరణకు నాలుగు పోర్షన్లు, ఒక్కోదానికి నెలకు 6,000 రూపాయల అద్దె అనుకుందాం. నెలకు 24,000, ఏడాదికి 2,88,000. ఇక తీసివేతలు చేద్దాం. ఏడాదిలో ఒక్కో పోర్షన్ సగటున ఒక నెల ఖాళీగా ఉంటే 24,000 పోతుంది. ఇంటి పన్ను 10,000. మెట్ల దీపాలు, మోటారు కరెంటు, ట్యాంకు శుభ్రం, ఊడ్చే మనిషి జీతం కలిపి నెలకు 2,000 చొప్పున 24,000. మరమ్మతుల కోసం మొత్తం అద్దెలో పదో వంతు, అంటే 28,800 పక్కన పెట్టాలి. ఇవన్నీ పోగా మిగిలేది 2,01,200. అంటే నెలకు 17 వేల లోపే. 24 వేలు వస్తాయన్న ధీమాతో అప్పులకు వాయిదాలు ఒప్పుకున్నవారు ఇక్కడే ఇబ్బంది పడతారు.

ఆదాయపు పన్ను చట్టం కూడా ఇంటి వాటాను గుర్తించింది. వచ్చిన అద్దెలో నుంచి, యజమాని చెల్లించిన ఇంటి పన్ను తీసివేసి, మిగిలినదానిలో 30 శాతాన్ని ఆదాయంగా లెక్కించదు. ఖర్చు చేసినట్టు రసీదులు చూపనక్కరలేదు. పై ఉదాహరణలో ఆ మినహాయింపు 76,200 రూపాయలు.

ఇల్లు వారసులది అయినప్పుడు చిక్కు ఇంకా పెద్దది. అద్దె పంచుకోవడానికి అందరూ వస్తారు. కప్పు కారుతోందంటే మాత్రం ఎవరి ఇబ్బందులు వారు చెబుతారు. అందుకే వాటాలు పంచకముందే ఇంటి వాటా తీయాలి. వారసులు నలుగురైతే ఇల్లు ఐదో వాటాదారు అనుకోవాలి. ఆ డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా, ఏడాదికోసారి అందరికీ చూపే లెక్కల పుస్తకం ఉంటే అక్కచెల్లెళ్ల, అన్నదమ్ముల మధ్య మాట రాదు.

పని ఏ వరుసలో చేయాలి?

చాలామంది రంగుతో మొదలుపెడతారు. రంగు వేస్తే అద్దె పెరుగుతుందని ఆశ. కానీ రంగు చివరి పని. మొదటి పని నీటిని ఆపడం.

డాబా మీద నిలిచిన నీరు పగుళ్ల గుండా స్లాబులోకి దిగి లోపలి ఇనుప ఊచలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పెచ్చులుగా ఊడిపడుతుంది. దాని కింద ఎవరి ఉయ్యాలైనా ఉండవచ్చు. చిన్న సుత్తితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా కాంక్రీటు విడిపోయినట్టే. దాని మీద సిమెంటు పూత పూస్తే జబ్బు కనిపించదు, కానీ తగ్గదు. వదులైన కాంక్రీటు తీసి, ఊచల తుప్పు గీకి, తుప్పు నిరోధక పూత వేసి, తగిన మరమ్మతు మిశ్రమంతో నింపాలి. పైన నీరు గొట్టాల వైపు పారేలా వాలు సరిచేయాలి. పని అయ్యాక డాబా మీద ఒక రోజంతా నీళ్లు నిలిపి చూడాలి. దూలాల్లో, స్తంభాల్లో పగుళ్లు ఉంటే మేస్త్రీ మాట చాలదు. స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. పాత పునాది మీద మరో అంతస్తు వేసి ఇంకో రెండు పోర్షన్లు సంపాదించాలనుకునేవారు కూడా ముందు ఇంజనీరును, తర్వాత మునిసిపాలిటీని అడగాలి.

రెండో పని బాత్‌రూములు, గొట్టాలు. పై పోర్షన్ బాత్‌రూము చెమ్మ కింది పోర్షన్ గోడలో తేలుతుంది. పాత ఇనుప గొట్టాలు లోపల తుప్పుతో పూడుకుపోయి ఉంటాయి.

మూడోది కరెంటు. ఈ ఇళ్లలో వైరింగు లైట్లకు, ఫ్యాన్లకు సరిపడా వేసినది. ఇప్పుడు ఒక్క 2,000 వాట్ల గీజరే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. పాత తీగ వేడెక్కుతుంది. సరైన ఎర్తింగు, ప్రతి పోర్షన్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించడం ప్రాణరక్షణ. మీటర్లు కూడా వేర్వేరుగా ఉండాలి. అందరి వాడకం ఒకే మీటరులో కలిస్తే యూనిట్లు పెరిగి ఎక్కువ ధర ఉన్న శ్లాబులోకి పోతాయి. ఆపై పంపకాల తగాదా.

ఈ మూడూ అయ్యాకే రంగు.

మనుషులు ఉండగా పని

ఖాళీ ఇంటిని బాగుచేయడం తేలిక. నాలుగు కుటుంబాలు కాపురం ఉన్న ఇంటిని బాగుచేయడంలోనే నేర్పు ఉంది. ఒకేసారి అన్నీ పగలగొట్టకుండా పోర్షన్ తర్వాత పోర్షన్ చేయాలి. ఒకటి ఖాళీ అయితే దాన్ని ముందు బాగుచేసి, పక్కవారిని అందులోకి మార్చి వారి పోర్షన్ పట్టుకోవచ్చు. స్నానానికి, వంటకు ఇబ్బంది అయిన రోజులకు అద్దె తగ్గించడం న్యాయం. మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసే పిల్లలు ఆ గోడల మధ్యే చదువుకుంటారు. పరీక్షలు ముగిశాక ఏప్రిల్, మే నెలల్లో డాబా పని పెట్టుకుంటే వానలకు ముందే పూర్తవుతుంది.

మేస్త్రీతో పని, కొలత, సామాను రకం, గడువు కాగితం మీద రాసుకోవాలి. డబ్బు పని జరిగిన మేరకే ఇవ్వాలి. డాబా పనికి కొంత మొత్తం తొలి వాన దాకా ఆపుకుంటామని ముందే ఒప్పించుకోవాలి.

ఒప్పందం

ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. 11 నెలల కాగితం వాడుకలోకి వచ్చింది అందుకే. ఆ కాగితంలో ఏ మరమ్మతు ఎవరిదో ఉండదు. గొడవలన్నీ అక్కడే పుడతాయి. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ విషయంలో మంచి దారి చూపింది. కట్టడపు మరమ్మతులు, గోడల సున్నం, గొట్టాల మార్పు, వైరింగు యజమాని బాధ్యత. కుళాయి వాషర్లు, స్విచ్చులు, తాళాలు, కాలువ శుభ్రం అద్దెదారు బాధ్యత. ఇంట్లోకి రావాలంటే యజమాని కనీసం 24 గంటల ముందు చెప్పాలి. నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే ఇది వర్తిస్తుంది. అయినా ఆ పట్టికను మన ఒప్పందంలో రాసుకోవడానికి అడ్డు లేదు. అడ్వాన్సు మన సొమ్ము కాదు, అమానత్. దాన్ని మరమ్మతులకు వాడేస్తే, అద్దెదారు వెళ్లే రోజున అప్పు చేసి ఇవ్వాల్సి వస్తుంది.

దాతలకు ఒక మాట

అద్దెతో విద్యార్థులను చదివించమని, వితంతువులను ఆదుకోమని ఇలాంటి ఇళ్లను ఇచ్చే ఉదారులు ఉన్నారు. ఇల్లు ఇచ్చేటప్పుడే దాని స్లాబు, వైరింగు, పన్ను బకాయిలు పరీక్షింపజేసి, మొదటి మరమ్మతుకు సరిపడా కొంత డబ్బు కూడా జతచేయాలి. అద్దెలో పదో వంతు ఇంటికే ఖర్చు చేయాలని దానపత్రంలో రాయాలి. తీసుకునేవారు కూడా ఈ ఏర్పాటు కోరడానికి మొహమాటపడకూడదు. లేకపోతే ఐదేళ్లలో ఆ ఇల్లు పిల్లల ఫీజులు కట్టడం మాని, వారి ఫీజుల డబ్బునే తన కప్పుకు అడుగుతుంది.

సొంత పోర్షన్లు ఉన్నవారు ఈ నెల అద్దె చేతికి రాగానే పదో వంతు వేరే ఖాతాలో వేయండి. ఆ తర్వాత ఒక సుత్తి, ఒక టార్చిలైటు తీసుకుని నాలుగు పోర్షన్ల కప్పులూ ఒకసారి చూసి రండి.