పుచ్చు పిక్క ఎవరి సరుకు?

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మాది చిన్న జీడిపప్పు పరిశ్రమ. నూరు బస్తాల పిక్కలు కొంటే 60 ఉద్దానం రైతులవి, 30 పలాస వ్యాపారివి, 10 ఆఫ్రికా పిక్కలు తెచ్చే ఏజెంటువి. పిక్కలు కోసి చూస్తే పుచ్చులు వరుసగా నూటికి 5, 10, 20 తేలుతున్నాయి. పేరు చెరిగిపోయిన బస్తాలోంచి తీసిన ఒక పిక్క పుచ్చుది. ఆ బస్తా ఏజెంటుదేనా?
- ఒక పాఠకుడు, సుమ్మాదేవి

సమాధానం: అప్పుడే అలా అనుకోకండి. మీ సరుకులోంచి వెయ్యి పిక్కలు తీశారనుకుందాం. రైతులవి 600, అందులో పుచ్చులు 30. వ్యాపారివి 300, పుచ్చులు 30. ఏజెంటువి 100, పుచ్చులు 20. మొత్తం పుచ్చులు 80. మీ చేతిలోని పుచ్చు ఏజెంటుది కావడానికి అవకాశం 80లో 20, అంటే 25 శాతమే. ఇదే షరతుతో కూడిన సంభావ్యత. దీనికి ఆధారమైన థామస్ బేయ్స్ వ్యాసం ఆయన పోయాక, 1763లో అచ్చయింది.

ప్రశ్న: అదే బస్తాలో రెండో పిక్క కూడా పుచ్చయితే?

సమాధానం: లెక్క తిరగబడుతుంది. రెండూ పుచ్చులయ్యే సందర్భాలు పదివేలకు రైతుల వైపు 15, వ్యాపారి వైపు 30, ఏజెంటు వైపు 40. మొత్తం 85లో 40, అంటే 47 శాతం. ఇప్పుడు అనుమానం ఎక్కువగా ఏజెంటు మీదే. అయినా ఇంకా సగానికి తక్కువే, కాబట్టి మరికొన్ని పిక్కలు కోసి చూడండి.

ప్రశ్న: పుచ్చుల్లో రైతులవీ 30 ఉన్నాయి. వాళ్ల సరుకు మానేయాలా?

సమాధానం: వద్దు. వాళ్లు ఎక్కువ ఇస్తున్నారు కాబట్టి ఆ 30 కనిపిస్తున్నాయి. ఎవరి సరుకు మంచిదో తేల్చాలంటే నూటికి ఎన్ని పుచ్చులో చూడాలి. ఆ లెక్కన రైతులదే మేలైన సరుకు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు తోటలు కోల్పోయిన రైతులను తప్పుడు లెక్కతో దూరం చేసుకోకండి.

ఒక జాగ్రత్త. మీ గోదాములో తేమ తగిలి పాడైన పిక్కకు అమ్మినవారు బాధ్యులు కారు. అందుకే లారీ దిగగానే, సరుకు కలపకముందే, ప్రతి బస్తా మీద అమ్మినవారి పేరు, తేదీ చెరగని రంగుతో రాయించండి. అప్పుడే కొన్ని పిక్కలు కోసి, ఫలితం పుస్తకంలో ఎక్కించండి. ఆ పుస్తకం చూడకుండా ఎవరి మీదా నింద వేయకండి.