అల్లుడూ, ముందు ఆ తీసివేత చెయ్యి



నువ్వు పంపిన మూడు ఎలక్ట్రిక్ బండ్ల ఫొటోలు చూశాను. మూడింటికీ రేంజ్ ఎంతో రాశావు, నెలవాయిదా రాశావు, రంగు కూడా రాశావు. ఎంత బరువు మోస్తాయో ఒక్కదానికీ రాయలేదు. 118 కేజీల మనిషి మొట్టమొదట అడగాల్సింది అదే కదరా! షోరూంలో బరువు చెప్పడానికి మొహమాటపడి ఉంటావని మీ అత్త అంటోంది. జిమ్‌కి వెళ్తున్నావట, తగ్గితే సంతోషమే. బండి మాత్రం ఇవాళ్టి బరువుకే కొందాం.

కంపెనీ కాగితంలో రెండు అంకెలు వెతుకు. ఖాళీ బండి బరువు ఒకటి, జీవీడబ్ల్యూ అని వేసే మొత్తం బరువు రెండోది. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే బండి మోయగలిగేది తేలుతుంది. 120 కేజీల బండికి మొత్తం 270 అని ఉందనుకో, మిగిలేది 150. నువ్వు 118, హెల్మెట్టూ ల్యాప్‌టాప్ బ్యాగూ ఓ 5. ఇంకా 27 ఉంది. పాతిక కేజీల బియ్యం బస్తా పడుతుంది, అమ్మాయి పట్టదు. ఇద్దరూ కలిసి వెళ్లే రోజున ఆటో ఎక్కండి. కోపం తెచ్చుకోకు, లెక్క అలాగే ఉంది. ఆ రెండు అంకెలూ చూపించలేని సేల్స్ కుర్రాడి దగ్గర అడ్వాన్సు కట్టకు.

మొన్న నా రిపేరు షెడ్డుకి ఓ బండి వచ్చింది. నడిపేవాడు నీలాగే భారీ మనిషి. వెనక మడ్‌గార్డు లోపలివైపు టైరు రాసుకుని రాసుకుని అరచేయంత మేర ప్లాస్టిక్ అద్దంలా అరిగిపోయింది. షాకబ్జర్ సీలు పోయి, కారిన ఆయిలు మీద దుమ్ము ముద్దకట్టింది. బ్యాటరీ, మోటారు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. అందుకే నీ డబ్బు తెర మీద మ్యాపులకీ పాటలకీ పెట్టొద్దంటాను. స్ప్రింగు బిగువు పెంచుకునే మెట్లున్న వెనక షాకులు, 12 అంగుళాల చక్రాలు, ముందు డిస్కు బ్రేకు, వీటికి పెట్టు. ఇంకో సంగతి, టైరు గాలి స్టిక్కరు మీద ఒక్కరికి ఇంత, ఇద్దరికి ఇంత అని ఉంటుంది. నువ్వు ఒక్కడివే వెళ్లినా వెనక చక్రానికి ఇద్దరి లెక్కే కొట్టించు.

నీ మూడో ఫొటోలోది చవకది. లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు అని ఊరించి ఉంటారు. నిజమే. కానీ ఆ మినహాయింపు దక్కాలంటే వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు, అరగంటపాటు ఏకధాటిగా ఇచ్చే మోటారు శక్తి 250 వాట్ల లోపే ఉండాలి. నీ ఆఫీసేమో మధురవాడ ఐటీ కొండ మీద. 100 మీటర్లకు 10 మీటర్లు లేచే ఎత్తు మీద, నువ్వూ బండీ కలిపి 200 కేజీలనుకున్నా, ఆ 25 వేగం నిలబడటానికి కావాల్సిన శక్తి 1,300 వాట్లు దాటుతుంది. గాలి, టైరు రాపిడి ఇంకా కలపలేదు. ఆ 250 వాట్ల మోటారు కాసేపు దమ్ము పట్టి లాగొచ్చు, రోజూ లాగిస్తే వేడెక్కి కూర్చుంటుంది. మన వీధిలో ట్యూషన్‌కెళ్లే పిల్లలకి అది బాగానే ఉంటుంది, నీకొద్దు. మిగతా రెండింటికీ కూడా పీక్ పవర్ అని పెద్దక్షరాల్లో వేసింది వదిలేసి, ఆగకుండా ఎంత ఇస్తుందో అడుగు.

బ్యాటరీ 3 కిలోవాట్ అవర్ అంటే కరెంటు మీటరు లెక్కలో 3 యూనిట్లు. కంపెనీ చెప్పే రేంజ్ రోలర్ల మీద తిప్పి తేల్చింది, అక్కడ నీ దారిలోని ఎండాడ ఎత్తూ ఉండదు, సముద్రపు ఎదురుగాలీ ఉండదు. నీ బరువుకి అందులో మూడింట రెండొంతులు వస్తే చాలనుకో. అదే మోడల్లో ఫీచర్లు తక్కువగా, బ్యాటరీ పెద్దగా ఉన్న రకం ఉంటే కళ్లు మూసుకుని తీసుకో. వారంటీ కాగితంలో అధిక బరువు గురించి ఏం రాశారో మాత్రం కళ్లు తెరిచి చదువు.

టెస్ట్ రైడ్ షోరూం ముందు చదును రోడ్డు మీద ఇస్తారు. ఒప్పుకోకు. కొండ ఎక్కే దారిలో సగంలో పూర్తిగా ఆపి, మళ్లీ కదిలించు. ఛార్జింగు 20 శాతానికి దిగాక కూడా ఓసారి చెయ్యి, చాలా బండ్లు అప్పుడు శక్తి తగ్గించేస్తాయి. దిగేటప్పుడు ఇంకో మెలిక ఉంది. బ్యాటరీ నిండుగా ఉంటే, యాక్సిలరేటర్ వదలగానే మోటారు పట్టే బ్రేకు సరిగా పనిచెయ్యదు, ఛార్జి ఎక్కడానికి చోటుండదు కదా. అప్పుడు భారమంతా చేతి బ్రేకుల మీదే. అవెలా పడుతున్నాయో చూడు.

ఆదివారం షెడ్డు మూసేస్తాను. పదింటికల్లా వస్తా, నేను చూడకుండా సంతకం పెట్టకు. మీ ఇంట్లో బియ్యం బస్తా ఉంటే సిద్ధంగా ఉంచు, కాళ్ల దగ్గర పెట్టుకుని కొండెక్కిద్దువుగాని. షోరూం వాళ్లు నవ్వితే నవ్వనీ.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య, గాజువాక